నాలుగంతలు

తన చావు ఉత్తరాన్ని తన చేత్తోనే మోసుకెళ్ళాడు ఊరియా. యెరూషలేములో రాజు దావీదు రాసి ఇచ్చాడు, రబ్బా పట్టణాన్ని ముట్టడించి ఉన్న సేనాధిపతి యోవాబుకి అందజేయమన్నాడు. పోరు భీకరంగా ఉన్నచోట ఊరియాని ముందు నిలబెట్టి మిగతావాళ్ళు వెనక్కి తగ్గాలన్నది అందులో ఉన్న ఆజ్ఞ. రాజు ఉత్తరం విప్పి చూసే రకం కాదు ఊరియా. తోటి సైనికులు బయట గుడారాల్లో పడుకుంటుంటే తాను ఇంటికెళ్ళి సుఖంగా ఎలా ఉంటానని రాజనగరు గుమ్మం దగ్గరే సేవకులతో పాటు పడుకున్న మనిషి. అతను ఒక్క రాత్రి ఇంటికి వెళ్ళి ఉంటే, అతని భార్య బత్షెబ కడుపులో దావీదు వల్ల పడిన బిడ్డ అతని బిడ్డగానే చెల్లిపోయేవాడు. దావీదు ఎత్తు పారకుండా చేసింది ఊరియా నిజాయితీ. చివరికి ఆ నిజాయితీని నమ్మే దావీదు ఉత్తరాన్ని అతని చేతిలో పెట్టాడు.

రెండో సమూయేలు గ్రంథం పదకొండో అధ్యాయం మీద మన సంఘాల్లో ఎన్నో ప్రసంగాలు విన్నాను. ఎక్కువమంది ఆగేది దావీదు బత్షెబని చూసిన మేడ మీద. సాయంకాలపు నడక, ఒక చూపు, చూపు వెంట కోరిక, కోరిక వెంట పతనం. యువజన కూటాలకి వెళ్ళేవాళ్ళకి ఆ మెట్లన్నీ కంఠతా వచ్చు. నేను ఆగేది యోవాబు పంపిన వార్తాహరుడి దగ్గర. అతను తెచ్చిన కబురులో ఊరియా ఒక్కడే లేడు. కోట గోడ దగ్గర, పైనుంచి పడిన బాణాలకి దావీదు సేవకులు ఇంకొందరు చనిపోయారు. వాళ్ళ పేర్లు ఎవరూ రాయలేదు. ఒక్కడే చనిపోతే అనుమానం వస్తుందని యోవాబు అనుకున్నాడో ఏమో, వాళ్ళని కూడా గోడ దాకా పంపించాడు. వాళ్ళకీ ఇళ్ళున్నాయి, వాళ్ళ కోసం ఎదురుచూసే భార్యలున్నారు. రాజుగారి మేడ మీద ఏం జరిగిందో వాళ్ళకి తెలియదు. తెలియని పాపానికి మొదటి ఖర్చు కట్టింది వాళ్ళు.

పాపం అనే మాట ఎత్తగానే మనం చేసినవాడి గురించే మాట్లాడతాం. వాడి ఆత్మ, వాడి శిక్ష, వాడి పశ్చాత్తాపం, వాడి రక్షణ. అవన్నీ మాట్లాడవలసినవే. కానీ ప్రతిసారీ నా మనసులో మెదిలే ప్రశ్న ఒకటుంది. దీని ఖర్చు ఎవరు కడుతున్నారు? ఈ ప్రశ్న వేసుకున్నాక పాపం నాకు ఇంకా భయంకరంగా కనబడింది. దైవభక్తి గల జీవితం అంటే ఏమిటో కూడా ఆ తరవాతే కొంచెం అర్థమయింది.

బిడ్డ పుట్టాక నాతాను ప్రవక్త దావీదు దగ్గరికి వచ్చాడు. ఒక ధనవంతుడికి గొర్రెల మందలున్నాయని, ఒక బీదవాడికి ఒకే ఒక్క ఆడ గొర్రెపిల్ల ఉందని, ఇంటికి అతిథి వస్తే ధనవంతుడు తన మంద ముట్టకుండా ఆ బీదవాడి పిల్లని పట్టుకుని వండించాడని చెప్పాడు. దావీదుకి కోపం ముంచుకొచ్చింది. ఆ మనిషి చావదగినవాడని, గొర్రెపిల్లకి నాలుగంతలు తిరిగి ఇచ్చి తీరాలని తీర్పు చెప్పాడు. ఆ లెక్క గాలిలోంచి రాలేదు. నిర్గమకాండం ఇరవై రెండో అధ్యాయంలో ఉంది: దొంగిలించిన ఎద్దుని చంపినా అమ్మినా అయిదు ఎద్దులు, గొర్రె అయితే నాలుగు గొర్రెలు ఇవ్వాలి. ధర్మశాస్త్రం దావీదుకి బాగా తెలుసు. వేరొకరి గొర్రెపిల్ల దగ్గర న్యాయం స్పష్టంగా కనబడింది. అన్ని నెలలుగా ఊరియా మాత్రం కనబడలేదు. పాపం చేసే నాశనాల్లో ఇది అన్నిటికన్నా లోతైనదని నాకనిపిస్తుంది. ధర్మాగ్రహం చావదు, పైగా పెరుగుతుంది. దాని గురి మాత్రం ఎప్పుడూ పక్కవాడి మీదే ఉంటుంది. సంఘంలో అందరికన్నా గట్టిగా ఇతరుల తప్పులు ఎంచేవాళ్ళని చూసినప్పుడు నాకు దావీదు కోపం గుర్తొస్తుంది, జాలి కూడా కలుగుతుంది.

దావీదు నోటితో అన్న ఆ నాలుగంతలు అతని ఇంటి మీదే పడ్డాయని పాతకాలపు వ్యాఖ్యాతలు లెక్కగట్టారు. పుట్టిన పసిబిడ్డ, అమ్నోను, అబ్షాలోము, అదోనీయా. నలుగురు కొడుకులు పోయారు. యూదు బోధకుల్లో అదోనీయా బదులు కూతురు తామారుని లెక్కించినవాళ్ళున్నారు. ఈ లెక్క వింటే నాకు ఇబ్బందిగా ఉంటుంది. ముఖ్యంగా ఆ పసిబిడ్డ విషయంలో నా దగ్గర జవాబు లేదు, ఉన్నట్టు నటించను. మిగతా కథలో మాత్రం ఒక్కొక్క చావు వెనకా కళ్ళకి కనబడే కారణం ఉంది, దాన్ని గ్రంథకర్త దాచలేదు.

అమ్నోను తన సవతి చెల్లెలు తామారుని మోసం చేసి రప్పించుకుని చెరిచాడు. ఆమె బూడిద తలమీద పోసుకుని, వేసుకున్న రంగురంగుల బట్ట చింపుకుని ఏడుస్తూ వెళ్ళింది. దావీదు ఈ సంగతి విన్నాడు, మండిపడ్డాడు. అంతే. పిలిచి అడిగినట్టు లేదు, శిక్షించినట్టు లేదు, కూతురిని దగ్గరికి తీసుకున్నట్టు లేదు. పరాయి భార్యని రప్పించుకున్న తండ్రి, చెల్లెలిని రప్పించుకున్న కొడుకు ముందు ఏం మాట్లాడతాడు? తండ్రి నోరు పడిపోయిన ఇంట్లో అన్న చేతికి కత్తి వచ్చింది. రెండేళ్ళు పగ దాచుకుని ఆమె సొంత అన్న అబ్షాలోము అమ్నోనుని చంపించాడు. తామారు అన్న ఇంట్లో దిక్కులేనిదిగా ఉండిపోయిందని ఒక్క మాట చెప్పి ఆ కథ ముందుకి సాగిపోతుంది. నేను సాగిపోలేను. ఊరియా తరవాత అంత అన్యాయంగా ఖర్చు కట్టింది ఆమే.

ఇక యోవాబు. ఆ ఉత్తరం అందుకున్న రోజునుంచి అతనికి రాజు రహస్యం తెలుసు. అబ్షాలోము తిరుగుబాటు చేస్తే అణచడానికి సైన్యం బయలుదేరుతున్నప్పుడు, కుర్రవాణ్ణి నా కోసం కాపాడమని దావీదు అందరూ వినేలా ఆజ్ఞ ఇచ్చాడు. చెట్టు కొమ్మకి తల చిక్కుకుని వేలాడుతున్న అబ్షాలోము గుండెలో బల్లేలు దింపింది యోవాబే. ఒక ఆజ్ఞని అధర్మంగా అమలు చేయించుకున్న రాజు, ధర్మమైన ఆజ్ఞని అమలు చేయించుకోలేకపోయాడు. ఎఫ్రాయిము అడవిలో ఆ రోజు ఇరవై వేలమంది చనిపోయారని రాసి ఉంది. అహీతోపెలు సంగతి ఇంకా వింత. దావీదుకి ఆప్తుడైన ఆలోచనకర్త, ఉన్నట్టుండి అబ్షాలోము వైపు చేరాడు. బత్షెబ తండ్రి ఏలీయాము. దావీదు పరాక్రమశాలుల జాబితాలో అహీతోపెలు కొడుకు ఏలీయాము అని ఒక పేరుంది. ఇద్దరూ ఒకరే అయితే బత్షెబ అహీతోపెలుకి మనవరాలు. రాజు ఉపపత్నుల దగ్గరికి వెళ్ళమని అబ్షాలోముకి సలహా ఇచ్చింది ఈ ముసలాయనే, ఆ అవమానం మేడ మీద, అందరూ చూస్తుండగా జరిగింది.

మరి ఇన్ని నష్టాలు చెప్పి భయపెడితే మనిషి మంచిగా బతుకుతాడా? మన ఉజ్జీవ కూటాల్లో సగం బోధ ఈ నమ్మకం మీదే నడుస్తుంది. నేను ఒప్పుకోలేకపోతున్నాను. దావీదు చేత ఆ ఉత్తరం రాయించింది ఏమిటి? కామం కాదు. కామం పని అప్పటికి అయిపోయింది. రాయించింది భయం. బయటపడతానేమోనన్న భయం. పరువు పోతుందన్న భయం ఒక తప్పుని హత్యదాకా తీసుకెళ్ళింది. భయం మనిషికి దాచడం నేర్పుతుంది, మారడం నేర్పదు. దేవుని భయం వేరు. అది మనిషిని దేవుడి ఎదుటికి తీసుకొస్తుంది. లోకుల భయం దేవుడి ఎదుటనుంచి పారిపోయేలా చేస్తుంది. మనం పిల్లలకి సండే స్కూల్లో మొదటిది నేర్పుతున్నామనుకుంటూ చాలాసార్లు రెండోదే నేర్పుతున్నాం.

పోతీఫరు ఇంట్లో యోసేపుని చూడండి. యజమాని భార్య పిలిచినప్పుడు చుట్టుపక్కల ఎవరూ లేరు. బయటపడుతుందన్న భయం అక్కడ పనిచేయదు. యోసేపు మొదట ఎత్తింది యజమాని మాట. ఆయన ఇల్లంతా తన చేతికి అప్పగించి తనని ఎంతగా నమ్మాడో చెప్పాడు. ఆ తరవాత దేవుడి మాట ఎత్తాడు. కోరికకి, చేతకి మధ్య ఒక మనిషి ముఖం నిలబడింది, ఆ ముఖం వెనక దేవుడు నిలబడ్డాడు. దావీదు కూడా ఆమె ఎవరని మేడ మీద విచారించాడు. ఊరియా భార్య అని జవాబు కూడా వచ్చింది. పేరు విన్నాడు కానీ ముఖం చూడలేదు.

ఇదంతా పాత నిబంధన రాజుల ముచ్చట అనుకోవడానికి లేదు. తెలుగు నేల మీద, ఖర్చు ఎవరు కడుతున్నారన్న ప్రశ్నని అందరికన్నా గట్టిగా అడిగింది 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు. అది సంఘ ఉద్యమం కాదు, మత ఉద్యమమూ కాదు. అక్షరాస్యత తరగతుల్లో కూర్చున్న కూలి మహిళలు సారా ఖర్చు ఎవరు కడుతున్నారో లెక్క చూసుకున్నారు. తాగేది మగవాడు. పస్తులుండేది, దెబ్బలు తినేది, కూలి డబ్బు పోగొట్టుకునేది వాళ్ళు, వాళ్ళ పిల్లలు. సారా దుకాణం మూయించారు. ఊరూరా ఆ పోరాటం పాకి 1993లో రాష్ట్రంలో సారా నిషేధమయింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది. 1997లో దాన్ని సడలించారు. తాగుడు పాపమని మన ప్రసంగ వేదికల మీద అంతకుముందు ఎన్నేళ్ళుగానో చెబుతూనే ఉన్నాం. ఆ ఆడవాళ్ళ మాటకి వచ్చిన బలం మన మాటకి రాకపోవడానికి కారణం, మనం తాగేవాడి నరకం గురించి మాట్లాడాం, వాళ్ళు తమ పొయ్యి గురించి మాట్లాడారు.

జాన్ న్యూటన్ గురించి కూడా చెప్పాలి. అమేజింగ్ గ్రేస్ పాట రాసినాయన. 1748లో ఉత్తర అట్లాంటిక్ తుపానులో ఓడ మునిగిపోయే స్థితిలో దేవుణ్ణి పిలిచాడు. మన దగ్గర సాక్ష్యంగా చెప్పేటప్పుడు కథ అక్కడ ముగుస్తుంది. నిజానికి ఆ తరవాతే ఆయన బానిసల ఓడకి కెప్టెన్ అయ్యాడు. 1754 దాకా ఆ పనిలోనే ఉన్నాడు. ఆదివారాలు ఓడ పైన సిబ్బందికి ఆరాధన జరిపించేవాడు. కింది అరల్లో ఆఫ్రికా మనుషులు గొలుసులతో కట్టేసి ఉండేవాళ్ళు. మానేసింది కూడా పశ్చాత్తాపంతో కాదు, ఆరోగ్యం పాడై. 1764లో ఇంగ్లండ్ సంఘంలో గురువయ్యాడు. ఆ వ్యాపారం పాపమని బహిరంగంగా రాసింది 1788లో. నలభై ఏళ్ళు పట్టింది. ప్రార్థించే మనిషికి కూడా తన కాళ్ళ కింద ఉన్నవాళ్ళు కనబడటానికి అంత కాలం పట్టవచ్చన్నది నన్ను వణికిస్తుంది. తను తీసుకెళ్ళి అమ్మినవాళ్ళకి ఆయన ఏదీ తిరిగి ఇవ్వలేకపోయాడు. ఇవ్వగలిగింది సాక్ష్యం. ఓడల్లో ఏం జరిగేదో, తానేం చేశాడో పార్లమెంటు విచారణల్లో చెప్పాడు. బ్రిటన్ ఆ వ్యాపారాన్ని నిషేధించింది 1807 మార్చిలో, ఆయన కన్నుమూసింది అదే ఏడాది డిసెంబరులో.

నాలుగంతలు అనే మాట బైబిల్లో ఇంకో మనిషి నోట వస్తుంది. యెరికోలో జక్కయ్య. సుంకపు గుత్తదారుల పెద్ద, ధనవంతుడు, పొట్టివాడు. మేడిచెట్టు ఎక్కి ఆకుల్లోంచి చూస్తున్నవాణ్ణి యేసు పేరు పెట్టి పిలిచి, ఈ రోజు నీ ఇంట్లో ఉండాలన్నాడు. జక్కయ్య అప్పటికి ఏదీ ఒప్పుకోలేదు, ఏదీ తిరిగి ఇవ్వలేదు. జనం సణిగారు. సణగడంలో వాళ్ళకి న్యాయముంది. వాళ్ళు ఖర్చు కట్టినవాళ్ళు! అప్పుడు జక్కయ్య నిలబడి తన ఆస్తిలో సగం బీదలకిస్తానని, ఎవరి దగ్గర అన్యాయంగా తీసుకున్నా నాలుగంతలు తిరిగి చెల్లిస్తానని చెప్పాడు.

ఇక్కడ ధర్మశాస్త్రం ఒకసారి విప్పి చూడాలి. తన తప్పు తానే ఒప్పుకుని తిరిగి ఇచ్చేవాడు అసలుకి అయిదో వంతు కలిపితే చాలని సంఖ్యాకాండం అయిదో అధ్యాయం చెబుతుంది. వంద తీసుకుంటే నూట ఇరవై. నాలుగంతలు గొర్రెలదొంగకి పడే శిక్ష. ఒప్పుకున్నవాడిగా నూట ఇరవైతో బయటపడే వీలున్నా జక్కయ్య నాలుగు వందలు ఎంచుకున్నాడు. ఎవరూ అడగలేదు. యేసు కూడా అడగలేదు. దావీదు పక్కవాడి మీద కోపంతో విధించిన తీర్పునే జక్కయ్య సంతోషంతో తన మీద వేసుకున్నాడు. ఈ రెంటికీ మధ్య ఉన్న తేడా అంతా, ప్రభువు ముందుగా వచ్చి ఇంట్లో కూర్చోవడంలో ఉంది. ఇక దాచుకోవాల్సిన పని లేదు. పరువు పోతుందన్న భయం పోయింది. అందరి ముందూ తన లెక్కల పుస్తకం తానే తెరిచాడు.

దైవభక్తికి ఇంతకన్నా బలమైన ప్రేరణ నాకు తెలియదు. ముందు క్షమాపణ ఇంటికి వచ్చింది. వచ్చినవాడు ఆ తరవాత యెరూషలేముకి వెళ్ళి, తాను చేయని పాపాల ఖర్చంతా తన ఒంటిమీద వేసుకున్నాడు. పాపం తన భారాన్ని పక్కవాడి మీదకి తోస్తుంది. ఆయన అందరి భారాన్ని తన మీదకి లాక్కున్నాడు. ఆయన శిష్యుడినని చెప్పుకుంటూ నా తప్పు ఖర్చు నా భార్య మీదో, నా పనివాడి మీదో, నా సంఘం మీదో వదిలేసి, నాకు మాత్రం సమాధానం దొరికిందని పాడుకోవడం ఆయన దారికి పూర్తిగా విరుద్ధం.

మన సాక్ష్యాల్లో నన్ను బాధపెట్టేది ఇదే. నేను ఘోర పాపిని, దేవుడు నన్ను క్షమించాడు, హల్లెలూయా. చీటీలు వేయించుకుని ఎగ్గొట్టినవాడు మారుమనసు పొందానంటే చప్పట్లు కొడతాం. చీటీ డబ్బు పోగొట్టుకున్న ఆవిడ వెనక వరసలో కూర్చుని ఉందేమో ఎవరూ చూడరు. దావీదు పశ్చాత్తాప కీర్తనగా మనం ఎత్తిపట్టే యాభై ఒకటో కీర్తనలోనూ ఊరియా పేరు లేదు. కానీ దేవుడి పుస్తకంలో ఆ పేరు చెరిగిపోలేదు. రెండో సమూయేలులో దావీదు పరాక్రమశాలుల జాబితా ఊరియా పేరుతోనే ముగుస్తుంది. రాజుల గ్రంథం దావీదుని మెచ్చుకుంటూనే ఊరియా సంగతిని మినహాయిస్తుంది. మత్తయి సువార్త మొదటి పేజీలో, యేసు వంశావళిలో, సొలొమోను తల్లి బత్షెబని చెప్పేచోట ఆమె పేరు కనబడదు. ఊరియా భార్యగా ఉండినదని ఉంటుంది. దావీదుకి క్షమాపణ దొరికింది, నిజమే. క్షమించిన దేవుడు అన్యాయమైపోయినవాణ్ణి మరచిపోలేదు. తన కుమారుడి వంశావళిలోనే అతని పేరు రాయించి ఉంచాడు.

బల్లారాధనకి ముందు మన కాపరులు పాపపు ఒప్పుకోలుకి సమయమిస్తారు. కళ్ళు మూసుకుని మౌనంగా కూర్చుంటాం. ఆ మౌనంలో, ఎవరికి ఏం తిరిగి ఇవ్వాల్సి ఉందో చూసుకోండని కూడా ఒక మాట చెబితే బాగుండునని నా ఆశ. అర్పణ బలిపీఠం దగ్గరే విడిచి ముందు సహోదరుడి దగ్గరికి వెళ్ళమని ప్రభువే చెప్పాడు కాబట్టి ఇది కొత్త బోధేమీ కాదు. కానుకల సంచీ అందరి దగ్గరికీ వస్తుంది. కొందరు ఆ డబ్బు సంచీలో వేయకుండా ఇంకెవరి గుమ్మానికో పట్టుకెళ్ళాల్సి ఉంటుంది.

అలా వెళ్ళిన ఒక పెద్దాయన నాకు తెలుసు. వరిపొలం రైతు. ఏటా గట్లు చెక్కేటప్పుడు పార కొంచెం పక్క మడివైపు జరిగేది. ఏళ్ళు గడిచేసరికి కొన్ని సెంట్లు ఇటు కలిసిపోయాయి. పక్క పొలం ఆయన చనిపోయాడు, భార్య ఆ చెక్కని కౌలుకిచ్చుకుని బతుకుతోంది. ఆమె అడగలేదు, ఆమెకి తెలియను కూడా తెలియదు. ఈయన సర్వేయరుని పిలిపించి, హద్దురాళ్ళు పాత చోట వేయించి, ఆ సెంట్లకి ఇన్నేళ్ళ కౌలు లెక్కగట్టి డబ్బు తీసుకెళ్ళాడు. కొడుకు వద్దన్నాడు. ఊళ్ళో తలవంపులన్నాడు.

ఆమె నోట్లు లెక్కపెట్టుకుంది. కన్నీళ్ళేమీ పెట్టుకోలేదు. తరవాత అడిగింది: "మా ఆయన బతికుండగా చెప్పొచ్చు గదా అన్నయ్యా. చేను తగ్గిందని ఆయన మొత్తుకుంటే పెద్దమనుషులంతా ఆయన్నే పిచ్చోడన్నారు."

ఆ మాట ఆయన లెక్కలో లేదు. డబ్బుతో తీరేదీ కాదు. ఆ వారంలోనే, అప్పటి పెద్దమనుషుల్లో బతికున్నవాళ్ళ ఇళ్ళకి ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి, ఆ రోజు అతను చెప్పింది నిజమని, గట్టు జరిపింది తానేనని చెప్పి వచ్చాడు. ఇద్దరు కూర్చోబెట్టి పూర్తిగా విన్నారు. ఒకాయన మాత్రం పోయినవాడి సంగతి ఇప్పుడెందుకంటూ లోపలికి లేచి వెళ్ళిపోతే, ఈయన అరుగు మీదే కూర్చున్నాడు, ఆయన మళ్ళీ బయటికి వచ్చి వినేదాకా.